పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా మూసీ వెంట నడిచినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో, గచ్చిబౌలిలో. వచ్చి చాలా ఏళ్ళయింది కానీ పాతబస్తీ అంటే నాకు తెలిసింది చార్మినార్, లాడ్ బజార్, రంజాన్‌లో హలీం, ఊరి నుంచి చుట్టాలొస్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం. అంతే. ఈమధ్య ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి మలక్‌పేట వైపు మెట్రోలో వెళ్తూ కిందికి చూస్తే మూసీ, దూరంగా రెండు ఒడ్డుల మీదా గుమ్మటాలున్న పెద్ద పెద్ద భవనాలు. ఒకటి హైకోర్టనీ ఇంకోటి ఉస్మానియా ఆసుపత్రనీ తర్వాత తెలిసింది. మా ఊళ్ళో అయితే సాయంత్రమైతే చాలు, జనం గోదారి గట్టుకి చేరిపోతారు. ఇక్కడ ఇంత ఊరు నదికి అటూ ఇటూ పెట్టుకుని ఒక్కళ్ళు కూడా అటు వెళ్దామనరేంటి?

నా ప్రశ్నలు: ఒడ్డు వెంట నడవడానికి అసలు దారి ఉందా, వాసన భరించగలమా, కెమెరా పట్టుకుని సందుల్లో తిరిగితే ఎవరైనా ఏమన్నా అంటారా, ఏ టైంలో వెళ్ళాలి? మా ఆవిడ కూడా వస్తానంటోంది. ఆఫీసులో అడిగితే “మూసీ చూడ్డానికా?” అని నవ్వారు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పాతరాళ్ళు:

గోదారిగట్టు గారూ, ముందే చెప్పేస్తాను, ఒడ్డు వెంట తెగకుండా నడిచే దారి లేదు. రోడ్ల మీదే నడుస్తారు, నది కనబడేది వంతెనల దగ్గరే. కాబట్టి వంతెన నుంచి వంతెనకి అని ప్లాన్ చేసుకోండి, పడమర నుంచి తూర్పుకి, నీళ్ళు పోయే దిక్కుకే. పొద్దున ఆరున్నరకల్లా పురానాపూల్ దగ్గరుంటే బాగుంటుంది.

పురానాపూల్ 1578లో పూర్తయింది, కట్టించింది ఇబ్రహీం కులీ కుతుబ్ షా. చార్మినార్ 1591. అంటే ఊరు పుట్టకముందే వంతెన ఉంది. గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా ఏరు దాటి ఇవతలికి రావడానికి కట్టారు. వజ్రాల వ్యాపారానికి వచ్చిన ఫ్రెంచాయన టావెర్నియే దీన్ని చూసి పారిస్ వంతెనతో పోల్చాడు. గైడ్లు మాత్రం మీకు భాగమతి కథే చెప్తారు, రాకుమారుడు మహమ్మద్ కులీ ప్రియురాలు భాగమతి కోసం వరదలో గుర్రాన్ని దూకిస్తే తండ్రి భయపడి వంతెన కట్టించాడని. వినడానికి బాగానే ఉంటుంది కానీ వంతెన పూర్తయ్యేనాటికి ఆ రాకుమారుడికి పన్నెండు పదమూడేళ్ళు! నేనైతే వ్యాపారం కోసమే కట్టారంటాను. ఇప్పుడు పక్కనే కొత్త వంతెన ఉంది, పాతదాని మీద కూరగాయల బండ్లు పెడతారు. కమాన్లు సరిగ్గా కనబడాలంటే కొత్త వంతెన మీద నిలబడి చూడాలి. దక్షిణం ఒడ్డున ఉన్న దర్వాజాని దాటి వెళ్ళిపోకండి, పాత నగరం గోడకున్న దర్వాజాల్లో మిగిలినవి రెండే, ఇదీ దబీర్‌పురా దర్వాజా.

అక్కణ్ణుంచి దక్షిణం ఒడ్డునే సిటీ కాలేజీ, హైకోర్టు, తర్వాత నయాపూల్ అనే ఇంకో వంతెన. ఇక్కడ ఒక సంగతి తెలిస్తే నడక మొత్తం వేరేగా అనిపిస్తుంది. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరద. ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. ఒకదాని నీళ్ళు ఇంకోదాని మీద పడి, ఆ మొత్తం ఊరి మీద పడింది. 15 వేల మంది దాకా పోయారంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గరి వంతెన కొట్టుకుపోయింది, కోల్సావాడి, ఘాన్సీ బజార్ లాంటి బస్తీలు నేలమట్టం. పురానాపూల్ మాత్రం నిలబడింది. ఆ తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఆయన సలహాతో ఎగువన గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు కట్టారు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. మీరు మెట్రోలోంచి చూసిన గుమ్మటాలన్నీ ఆ వరద తర్వాత లేచినవే. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, మూడింటికీ ఆర్కిటెక్ట్ ఒక్కడే, విన్సెంట్ ఎష్. పత్తర్‌గట్టి రాతి కమాన్ల వరస కూడా ఆ బోర్డు కట్టించిందే. జనం వాటన్నిటినీ “నిజాం కాలం నాటివి” అని ఒక్క మాటలో తేల్చేస్తారు, నాకు అక్కడే ఒళ్ళు మండుతుంది.

వరద ఎంత ఎత్తు వచ్చిందో కళ్ళతో చూడాలంటే పత్తర్‌గట్టి పక్కనున్న బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకి (మొహర్రం సంతాపం జరిపే చోటు) వెళ్ళండి. మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించింది, గోడలకి 1611 నాటి రంగురంగుల మీనా పలకలు. పైన అసలు పలకలు ఇప్పటికీ మెరుస్తుంటాయి. కింది భాగంలో వరదకి పాడైన చోట మాత్రం అదే డిజైన్‌ని రంగులతో వేసి సరిపెట్టారు. దగ్గరికి వెళ్తే ఏది పలకో ఏది పెయింటో తెలిసిపోతుంది. చెప్పులు బయట వదలండి, అది ప్రార్థన జరిగే చోటు, మొహర్రం రోజుల్లో అయితే టూరిస్టుగా అసలు వెళ్ళొద్దు.

కెమెరా సంగతి. హైకోర్టు వైపు తిప్పకండి, పోలీసులు ఆపుతారు. ఆసుపత్రిలో పేషెంట్లని తీయొద్దు. మిగతా చోట్ల అడిగి తీస్తే ఇబ్బందేమీ లేదు.

హుస్సేనీఆలం అమ్మాయి:

పాతరాళ్ళు గారు చెప్పిన రూట్ బాగుంది. నేను పుట్టింది పెరిగింది ఆ సందుల్లోనే, మా తాత బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల కొట్టు నడిపేవారు, మా ఇంట్లో తెలుగూ ఉర్దూ కలిపి కొట్టేస్తాం. ఒక మాట అడగాలి. “ఎవరైనా ఏమన్నా అంటారా” అని ప్రతివాళ్ళూ అడుగుతారేంటండీ? హైటెక్ సిటీ వెళ్ళేముందు ఎవరూ ఆ ప్రశ్న వెయ్యరు కదా. మీ ఆవిడని నిస్సంకోచంగా తీసుకురండి, పొద్దున పూట ఆ సందుల్లో ఉండేది స్కూలు పిల్లలూ పాల ప్యాకెట్లవాళ్ళూ నిహారీ తినడానికి వచ్చినవాళ్ళే. మీకొచ్చే కష్టమల్లా బైకులు. వెనక నుంచి హారన్ కొట్టి మోచేతిని రాసుకుంటూ పోతారు, అంతే.

మీరు పురానాపూల్ నుంచి నేరుగా హైకోర్టుకి వెళ్ళిపోకుండా కాస్త లోపలికి హుస్సేనీ ఆలం వైపు రండి. ఖుర్షీద్ జా దేవిడి ఉంది, దేవిడి అంటే నవాబుల పెద్ద భవంతి, ఇది నిజాం దగ్గరి పాయిగా వంశపు నవాబుది, ముందు వరసగా తెల్లటి ఎత్తైన స్తంభాలు, చూస్తే ఏ యూరప్ భవనమో అనుకుంటారు. నా చిన్నప్పుడు ముందు మైదానంలో మా అన్నయ్యలు క్రికెట్ ఆడేవారు, బాల్ లోపల పడితే తేవడానికి భయం, పైకప్పు ఎప్పుడు ఊడిపడుతుందో తెలియదని. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు, ఈమధ్యే రిపేర్లు అంటున్నారు. ఇలాంటి దేవిడీలు ఇంకా బోలెడు ఉండేవి, పంచుకున్నారు, అమ్ముకున్నారు, ఇప్పుడు వాటి చోట ఫంక్షన్ హాళ్ళూ అపార్టుమెంట్లూ. ఒక్కోచోట గేటు కమాను ఒక్కటే మిగిలి ఉంటుంది, దాని కింద నుంచి ఆటోలు పోతుంటాయి. నిజాం దివాన్లు సాలార్‌జంగులు ఉన్న దివాన్ దేవిడి కూడా అంతే, గేటు ఉంది, లోపలంతా బట్టల షాపులు.

ఇంకోటి. చాదర్‌ఘాట్ వైపు వెళ్ళినప్పుడు మూసానగర్, శంకర్‌నగర్‌లలో కూల్చిన ఇళ్ళు కనబడతాయి. 2024లో రివర్‌ఫ్రంట్ ప్రాజెక్టు కోసం ఏటి గర్భంలో ఉన్నాయని ఇళ్ళ మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్) అని రాశారు, కొందరికి డబుల్ బెడ్‌రూం ఇళ్ళిచ్చి పంపేశారు. వరదొస్తే అక్కడ నడుముదాకా నీళ్ళు, 2020 అక్టోబర్‌లో అందరూ చూశారు, ఉండటం ప్రమాదమే, కాదనను. కానీ పని ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ, ఇల్లు ఎక్కడో ఊరవతల. దయచేసి ఆ మొండిగోడల ముందు నిలబడి సెల్ఫీలు మాత్రం దిగకండి.

గోదారిగట్టు:

అయ్యయ్యో, తప్పుగా అనుకోకండి. ఆఫీసులో వాళ్ళు భయపెట్టారు, అందుకే అడిగాను. దేవిడి తప్పకుండా చూస్తాం. ఆషుర్‌ఖానా సంగతి విన్నాక అదొక్కటి చూడ్డానికైనా వెళ్ళాలనిపిస్తోంది. పాతరాళ్ళు గారూ, ఉస్మానియా ఆసుపత్రి లోపల వరద నాటి చింతచెట్టు ఉందని ఎక్కడో విన్నాను, బయటివాళ్ళు చూడొచ్చా?

పాతరాళ్ళు:

ఉంది. 1908లో దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారంటారు. ఆవరణలోనే ఉంది, గేటు దగ్గర అడిగితే చూపిస్తారు. ఏటా సెప్టెంబర్ 28న కొందరు దాని కింద చేరి పోయినవాళ్ళని తలుచుకుంటారు. పాత భవనం మాత్రం బయట నుంచే. 2020 జులైలో వానకి వార్డుల్లోకి నీళ్ళొచ్చాక పేషెంట్లని ఖాళీ చేయించి మూసేశారు. కొత్త ఆసుపత్రి గోషామహల్‌లో కడుతున్నారు, ఈ భవనాన్ని ఏం చేస్తారో చూడాలి. పక్కనే అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీ, అది కూడా ఏటి ఒడ్డే. లోపల పోటీ పరీక్షల పిల్లలు కూర్చుని చదువుతుంటారు, చప్పుడు చెయ్యకుండా ఆ పెద్ద హాలు ఒక్కసారి చూసి రండి.

మలక్‌పేట మూర్తి:

ఎవరూ వాసన గురించి సూటిగా చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. మార్చి నుంచి జూన్ దాకా వెళ్ళొద్దు. పారేది మురుగే, ఎండకి కళ్ళు మండుతాయి, చాదర్‌ఘాట్ కింద పరిస్థితి మరీ ఘోరం. జంట జలాశయాల (గండిపేట, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తిన రెండు మూడు రోజుల తర్వాత వెళ్తే నిజంగా ఏరులా ఉంటుంది, రంగు కూడా మారుతుంది. గేట్లు ఎత్తిన రోజునే మాత్రం వద్దు, లోతట్టు రోడ్లు మూసేస్తారు. లేదంటే డిసెంబర్, జనవరి. దోమలుంటాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి.

చాదర్‌ఘాట్ దాకా వచ్చాక కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ వదలొద్దు, నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ కట్టించింది, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. చాలాకాలం పాడుబడి ఉంటే బాగుచేశారు. క్లాసులు నడిచే చోటు కాబట్టి లోపలికి పంపుతారో లేదో ముందే కనుక్కుని వెళ్ళండి.

తిండి: పురానీ హవేలీ వైపు మున్షీ నాన్ కొట్టు ఇప్పుడెక్కడుందో అడిగి వెళ్ళండి, నాలుగు మూలలుండే నాన్ భట్టీలోంచి తీసి వేడివేడిగా ఇస్తారు. 1851 నుంచి ఉందని బోర్డు. కూర్చోవడానికి ఏమీ ఉండదు, కాగితంలో చుట్టించుకుని పక్కన చాయ్ హోటల్‌కి పోవడమే.

వలిగొండ వైపు:

అందరూ వంతెనల గురించే మాట్లాడుతున్రు, ఏరు చాదర్‌ఘాట్ కాడ ఆగిపోతదా అన్నా? అనంతగిరి గుట్టల్లో పుట్టి మీ ఊళ్ళో నుంచి వచ్చి మా కాడికే వస్తది, కడాకు వాడపల్లి దగ్గర కృష్ణల కలుస్తది. మొత్తం 240 కిలోమీటర్లు, అందుల మీరు నడిచేది నాలుగైదు కూడా ఉండదు. సిటీ వాళ్ళకి మూసీ ఇంటెనక మోరీ లెక్క, మాకు ఆ నీళ్ళతోనే వరి. పీర్జాదిగూడ కాడి నుంచి చూడండి, ఏటి వెంట పచ్చటి గడ్డి పెంచి బర్రెలకు అమ్ముతరు, సిటీకి పాలు ఆ బర్రెలవే. ఇంకా కిందికొస్తే కత్వాలు (ఏటికి అడ్డంగా చిన్న కట్టలు) కట్టి కాలువలతో పొలాలకు మళ్ళిస్తరు. ఎండాకాలం కూడా మాకు నీళ్ళు బందు కావు, ఎందుకంటే సిటీ వాళ్ళు స్నానాలు బందు చెయ్యరు గద! కానీ నాటు వేసినంక కాళ్ళకు దురదలు, బోరు నీళ్ళు కూడా తాగరావు, తాగేటందుకు క్యాన్లు కొనుక్కుంటం.

పాత భవనాల ఫోటోలు తీసుకోండి, కాదనను. ఓ దినం పీర్జాదిగూడ దిక్కు కూడా రండి, ఏట్ల ఆ మురుగు నురుగు చూస్తే మీ ఆఫీసోళ్ళు నవ్వింది గుర్తొస్తది.

గోదారిగట్టు:

ఇది నాకు అసలు తెలియదు అన్నా. మాకు పొద్దున పాలు ఆ వైపు నుంచే వస్తున్నాయేమో కూడా తెలియదు. ముందు పురానాపూల్ నడక, తర్వాత పీర్జాదిగూడ. వచ్చే శుక్రవారం సెలవు పెడదామనుకుంటున్నాను, సాలార్‌జంగ్ కూడా కలిపి.

హుస్సేనీఆలం అమ్మాయి:

శుక్రవారం వద్దండీ. సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ శుక్రవారం సెలవే, పైగా మధ్యాహ్నం నమాజు టైంలో మక్కా మసీదు చుట్టుపక్కల కదల్లేరు. శనివారం పెట్టుకోండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో ఎల్బీనగర్ బండి మారితే ఎంజీబీఎస్ దిగొచ్చు, అక్కణ్ణుంచి పురానాపూల్‌కి ఆటో. మీటరు వెయ్యమని అడగడం వృథా, రేటు ముందే మాట్లాడుకోండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకురండి, మా సందుల్లో డ్రైనేజీ పనులు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తవ్వి ఉంటాయి.