‘నో హార్మ్ డన్’ అనే మాట ఎవరి నోట రావాలి?

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్
మాది క్లయింట్ సపోర్ట్ ఉద్యోగం. క్లయింట్ వాళ్లది అమెరికాలో రిటైల్ వ్యాపారం. మొన్న గురువారం తెల్లవారుజామున, ఇంకో అరగంటలో షిఫ్ట్ అయిపోతుందనగా, అక్కడి కుర్రాడొకడు ఎవరికీ చెప్పకుండా ఒక సెట్టింగ్ మార్చాడు. ఆర్డర్లన్నీ మధ్యలో ఇరుక్కుపోయాయి. నలుగురం పొద్దున పదకొండు దాకా కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా విడిపించాం. అక్కడ తెల్లారి షాపులు తెరిచేసరికి అంతా మామూలే. మర్నాడు వాడి మెయిల్: “సారీ గైస్, నో హార్మ్ డన్!” ఇది క్షమాపణా? లేక ‘ఏం జరిగిందని గొడవ’ అనడమా? ఇంగ్లిష్ తెలిసినవాళ్లు చెప్పండి.

డాలస్_బావ
ఇక్కడ రోజుకు పదిసార్లు వింటాం ఈ మాట. ‘ఏం కాలేదులే’ అని అర్థం, అంతే. లోతుగా తవ్వకు బ్రో.

తెనాలి_మాస్టారు
తవ్వాల్సిందే. బస్సులో ఒకడు మన కాలు తొక్కుతాడు. తొక్కినవాడు ‘అయ్యో, చూసుకోలేదండీ’ అంటాడు. తొక్కించుకున్నవాడు ‘పర్లేదు లెండి’ అంటాడు. వరస అది. తొక్కినవాడే ముందుగా ‘పర్లేదులే’ అన్నాడనుకోండి, బస్సు మొత్తం వాడి మీద పడుతుంది. ఇంగ్లిష్‌లోనూ ‘నో హార్మ్ డన్’ మామూలుగా ఎదుటివాడు సారీ చెప్పాక, దెబ్బ తిన్నవాడు అనేది. తప్పు చేసినవాడు తనే అంటే తన కేసుకు తనే తీర్పు రాసుకున్నట్టు.

పనిలో పని ఇంకో మాట. ముప్పై ఒక్క ఏళ్లు పేపర్లు దిద్దాను. ‘ఐ యామ్ డ్యామేజ్‌డ్’ అని రాసే పిల్లలకు లెక్కలేదు. మనకు పంటా దెబ్బతింటుంది, కారూ దెబ్బతింటుంది, మనసూ దెబ్బతింటుంది. ఒక్క మాటతో సరిపోతుంది. వాళ్లకు అలా కుదరదు. వస్తువుకైతే డ్యామేజ్, మనిషికైతే హర్ట్ లేదా ఇంజరీ.

డాలస్_బావ
మాస్టారూ, లివర్ డ్యామేజ్, నర్వ్ డ్యామేజ్ అని ఇక్కడ డాక్టర్లే అంటారు. అవి మనిషికి కాక గేదెకా?

తెనాలి_మాస్టారు
లివర్ మనిషి కాదు నాయనా, మనిషిలో ఒక భాగం. భాగానికి డ్యామేజ్ అనొచ్చు. మొత్తం మనిషిని ‘డ్యామేజ్‌డ్’ అన్నావంటే, బతుకులో బాగా దెబ్బలు తిని మనసు విరిగినవాడని. ‘డ్యామేజ్‌డ్ గూడ్స్’ అన్నావంటే నేరుగా తిట్టే.

గోంగూర_పచ్చడి
మాస్టారి దగ్గర లివర్‌కి కూడా మార్కులు కోత.

లీడ్స్_నర్సు
మాస్టారు చెప్పింది చాలావరకు నిజం. కానీ డ్యామేజ్‌కి ఇంకో అర్థం ఉంది, బళ్లో ఎవరూ నేర్పరు. నేను ఇంగ్లండు వచ్చిన కొత్తలో పక్కింటి పెద్దాయనతో కారు గ్యారేజీకి వెళ్లాను. పని అయ్యాక ఆయన మెకానిక్‌ని నవ్వుతూ “వాట్స్ ద డ్యామేజ్?” అని అడిగాడు. కారుకి ఎక్కడో సొట్ట పడిందనుకుని నేను చుట్టూ తిరిగి చూస్తున్నాను. మెకానిక్ మాత్రం “టూ హండ్రెడ్” అన్నాడు. బిల్లు ఎంత అని అడగడమట అది! కేఫ్‌లోనూ అంటారు. డబ్బులిచ్చేవాడే అంటాడు, తీసుకునేవాడు కాదు.

డాలస్_బావ
ఒకప్పుడు సిగరెట్ పెట్టె మీద మన వాళ్లు రాసిన ఇంగ్లిష్ గుర్తుందా? ‘ఇంజూరియస్ టు హెల్త్’. ఇక్కడ ఇరవై ఏళ్లలో ఒక్కడి నోట ‘ఇంజూరియస్’ వినలేదు.

తెనాలి_మాస్టారు
అది 1975 చట్టంలో పెట్టిన మాట. దానికి నాలుగేళ్ల ముందే, 1971లో, బ్రిటన్ పెట్టెల మీద ‘డ్యామేజ్’ అని రాశారు. మీ అమెరికాలో 1966లో పెట్టింది ‘హజార్డస్’. పొగ ఒకటే, మూడు దేశాలకు మూడు మాటలు. మనది తప్పేం కాదు, కోర్టు భాష.

నల్లకోటు
కోర్టు పేరెత్తారు కాబట్టి నేనూ వస్తున్నా. చట్టంలో ఈ మాటలకు బజారు అర్థాలు చెల్లవు. ‘మిస్‌చీఫ్’ అంటే మీకు పిల్లల అల్లరి. మాకు కావాలని ఎదుటివాడి ఆస్తి పాడుచేసే నేరం. ‘డ్యామేజ్’ అంటే నష్టం. చివర ఒక్క ‘స్’ చేరిందా, ‘డ్యామేజెస్’ అంటే ఆ నష్టానికి కట్టించే సొమ్ము. తెలుగులో నష్టం వేరు, నష్టపరిహారం వేరు, తికమక లేదు. ఇంగ్లిష్ కాంట్రాక్టు చదివే క్లయింట్లు ఇక్కడే బోల్తా పడతారు.

అసలు ప్రశ్నకు దగ్గరి సెక్షన్ కూడా ఒకటుంది. పాత భారత శిక్షాస్మృతిలో 95, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 33. మామూలు బుద్ధి, మామూలు కోపం ఉన్న మనిషి ఎవడూ ఫిర్యాదు చేయనంత చిన్న హాని అయితే అది నేరం కాదు. అంటే నైట్‌షిఫ్ట్ గారి కోపం మామూలు కోపమా కాదా అన్నది తేలాలి.

గోంగూర_పచ్చడి
కోపానికి కూడా స్టాండర్డ్ సైజు ఉందన్నమాట.

తెనాలి_మాస్టారు
లాయరు గారూ, మరి నా కేసు చెప్పండి. రిటైరయ్యాక ఇంట్లో ట్యూషన్ పెట్టాను. నా దగ్గర చదివినవాడే ఎదురు సందులో ఇంకోటి తెరిచి ఫీజు సగానికి కొట్టాడు. నలభై మందిలో పదకొండు మంది మిగిలారు. ఇది హార్మ్ కాదా? వీధిలో కనపడితే ‘బాగున్నారా మాస్టారూ’ అని దండం కూడా పెడతాడు.

నల్లకోటు
మాస్టారూ, అచ్చం మీ కేసే 1410లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో వచ్చింది. కొత్త బడి వచ్చి, పాత బడి ఫీజు పడిపోయింది. కోర్టు ఏమందంటే, నష్టం నిజమే, కానీ హక్కు పోలేదు కాబట్టి దావా నిలవదు. మన లా కాలేజీల్లో మొదటి ఏడాదే చెబుతారు. నష్టం జరిగినంత మాత్రాన అన్యాయం జరిగినట్టు కాదు.

తెనాలి_మాస్టారు
ఆరొందల ఏళ్ల కిందటే నాకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చేశారన్నమాట.

డాలస్_బావ
నాదీ వినండి. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసినప్పుడు కిచెన్ పక్కన కార్పెట్ మీద అరచేతంత పసుపు మరక. మామూలు వాడకంలో అరిగినదానికి, అంటే ‘వేర్ అండ్ టేర్’కి, డిపాజిట్‌లో కోయకూడదని టెక్సస్ చట్టమే చెబుతుంది. మేము పప్పు వండుకోవడం మామూలు వాడకం కాదా? ఓనర్ ‘డ్యామేజ్’ అని రాసి మొత్తం కార్పెట్ ఖర్చు పట్టుకున్నాడు. నేనేం చేశాను? నోరు మూసుకున్నాను. అందుకే అంటున్నా, మాటల మీద పోట్లాడి లాభం లేదు. పైగా నైట్‌షిఫ్ట్ బ్రో విషయంలో కస్టమర్ ఒక్క ఆర్డర్ పోగొట్టుకోలేదు. హార్మ్ జరగలేదు కాబట్టి జరగలేదన్నాడు. బాస్కెట్‌బాల్‌లో ‘నో హార్మ్, నో ఫౌల్’, అంటే హాని లేకపోతే ఫౌల్ లేదు, అంటారు చూడు, అదే ఇది.

తెనాలి_మాస్టారు
నువ్వే దొరికిపోయావు అబ్బాయ్. ఆ మాటను ఊరూరా పాకించినవాడు లేకర్స్ జట్టు ఆటలకు దశాబ్దాలపాటు వ్యాఖ్యానం చెప్పిన చిక్ హెర్న్. పక్కన కూర్చుని ఆట చూసేవాడి మాట అది. మోచేత్తో పొడిచినవాడి మాట కాదు.

డాలస్_బావ
ఎవడి మాటైతే ఏంటి సార్, అర్థం ఒకటే కదా! జీతం తీసుకునేది సమస్యలు సర్దడానికేగా. సర్దారు, అయిపోయింది. మేమిక్కడ అర్ధరాత్రి ఫోన్ మోగితే పైసా ఎక్స్‌ట్రా లేకుండా లేస్తాం, ఎవడూ సారీ కూడా చెప్పడు. మీకు కనీసం సారీ వచ్చింది.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్
ఇందాకటి నుంచి చూస్తున్నా. కస్టమర్‌కి ఏం కాలేదు, కస్టమర్‌కి ఏం కాలేదు. కస్టమర్‌కి ఏం కాకపోవడానికి మేము కూర్చున్నాం అన్నా. మేము లేవకపోతే అప్పుడు హార్మ్. లేచి ఆపితే నో హార్మ్. మరి మేమెక్కడ ఉన్నాం ఆ లెక్కలో?

ముందు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నా. ఆ పొద్దున మా నాన్నకు కంటి ఆపరేషన్. ఎనిమిదికి నేను తీసుకెళ్లాలి. మా బావమరిది సెలవు పెట్టుకుని తీసుకెళ్లాడు. నేను వెళ్లేసరికి కంటికి పట్టీతో కూర్చుని, ‘ఎవరు, పెద్దోడా?’ అని అడిగాడు. ఇప్పుడు చెప్పు, ఇది ఏ డ్యామేజ్ కిందికి వస్తుందో. వేర్ అండ్ టేరా?

డాలస్_బావ
ఇది ముందే చెప్పాల్సింది కదా బ్రో. నాకేం తెలుసు? నువ్వు ఇంగ్లిష్ డౌట్ అన్నావు, నేను ఇంగ్లిష్ చెప్పాను. నీ కోపం మీ మేనేజర్ మీద అయితే అక్కడ చూపించు, నా మీద కాదు.

లీడ్స్_నర్సు
డాలస్ అన్నా, అతను మీ మీద చూపించట్లేదు. నేను చెప్పాలనుకుని మరిచిపోయింది ఇదే. మా ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, ఏదైనా పొరపాటు జరిగితే రిపోర్ట్ రాయాలి. దాంట్లో హాని ఎంత అనే గడి ఉంటుంది. మొదటి మెట్టు ‘నో హార్మ్’. అక్కడి నుంచి తక్కువ, మధ్యస్థం, తీవ్రం అని పెరుగుతుంది. ఒక పేషెంటు మందు ఇంకొకరికి వేసి, అదృష్టం బాగుండి ఏమీ కాకపోయినా సరే, ‘నో హార్మ్’ అని రిపోర్ట్ రాయాల్సిందే. అంటే ఆ మాటకు ఇక్కడ ‘వదిలేయండి’ అని అర్థం లేదు. ఏమీ కాలేదు, అయినా కాగితం మీద ఉండాలి అని.

నల్లకోటు
మంచి మాట. మా దగ్గర మాస్టారి కేసుకు తిరగేసినది కూడా ఉంది. 1703లో ఒకాయన్ని ఓటు వేయనివ్వలేదు. ఆయన వేయాలనుకున్న అభ్యర్థి ఎలాగూ గెలిచాడు. నష్టం సున్నా. అయినా హక్కు పోయింది కాబట్టి కేసు ఆయనే గెలిచాడు. అభ్యర్థి గెలిచాడు కదా, ఇంకేంటి అనడానికి లేదు. పైన 33వ సెక్షన్ అంటూ వేళాకోళం చేశాను, అది వెనక్కి తీసుకుంటున్నా. నాన్నగారికి ఇప్పుడెలా ఉంది?

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్
బాగానే ఉంది మేడమ్. పేపర్ చదువుతున్నాడు.

డాలస్_బావ
సరే బ్రో, జీతం మాట అనకుండా ఉండాల్సింది. అయినా ఆ కుర్రాడు చెడ్డ ఉద్దేశంతో అనలేదనే ఇప్పటికీ అంటాను. వాడికి నువ్వేం జవాబు రాశావు?

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్
అదే అన్నా. మేనేజర్ పక్కనే నిలబడి ‘ఏదో ఒకటి పాజిటివ్‌గా పెట్టు’ అన్నాడు. ‘నో ప్రాబ్లమ్ ఎట్ ఆల్’ అని రాసి, పక్కన నవ్వు బొమ్మ కూడా పెట్టాను. అది పంపినప్పటి నుంచే నాకు నిద్ర పట్టట్లేదు.

గోంగూర_పచ్చడి
...

తెనాలి_మాస్టారు
‘నో ప్రాబ్లమ్’ అని రాయకూడదు నాయనా. ఆఫీసు ఉత్తరానికి అది మరీ చనువు మాట. ‘థాంక్ యూ ఫర్ లెటింగ్ అజ్ నో’ అని ఊరుకుంటే పోయేది. సారీ అందిందని చెప్పినట్టూ ఉంటుంది, పర్లేదని ఒప్పుకున్నట్టూ ఉండదు.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్
ఇది గురువారం చెప్పాల్సింది మాస్టారూ. క్యాబ్ వచ్చింది, మళ్లీ కలుస్తా.