ఆఖరి బిల్లుకు బదులు షేర్లు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

మాదాపూర్‌లో మాది చిన్న ఏజెన్సీ. ఇద్దరు డిజైనర్లు, ముగ్గురు డెవలపర్లు, నేను. స్టార్టప్‌లకు యాప్ మొదటి వెర్షన్ చేసిస్తుంటాం.

ఒక క్లయింట్ దగ్గర ఆఖరి వాయిదా ఆగిపోయింది. యాప్ లైవ్‌లోనే ఉంది, జనం వాడుతున్నారు. అడిగితే "ఫండింగ్ రాగానే ఇచ్చేస్తాం అన్నా, లేదంటే ఆ డబ్బుకు ఈక్విటీ తీసుకో" అంటున్నాడు. కుర్రాడు మంచివాడే, ఐడియా మీద నాకూ నమ్మకముంది. కానీ షేర్లతో జీతాలివ్వలేను కదా! పైగా ఇన్‌వాయిస్ వేసిన పాపానికి, పైసా చేతికి రాకపోయినా 18 శాతం జీఎస్టీ మరుసటి నెల 20వ తేదీలోపు నా జేబులోంచే కట్టాను.

మాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉంది. అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదని, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ అడగొచ్చని, చిన్న సంస్థల బకాయిల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చని మా సీఏ అంటున్నారు. వెళ్లొచ్చు సరే. ఇక్కడ స్టార్టప్‌ల అడ్డా టీ-హబ్‌లో ఏ మీటప్‌కి వెళ్లినా అవే ముఖాలు. కేసులు వేస్తాడన్న పేరొస్తే కొత్త పని దొరుకుతుందా అన్నదే టెన్షన్.

కౌన్సిల్‌కు నిజంగా వెళ్లినవాళ్లు ఉన్నారా? డబ్బు వచ్చిందా? సగం డబ్బు, సగం షేర్లు అని ఎవరైనా ఒప్పుకున్నారా, కంపెనీ విలువ (వాల్యుయేషన్) ఎలా తేల్చుకున్నారు? ఇంకోటి: పూర్తి డబ్బు అందాకే కోడ్ హక్కులు వాళ్లవని అగ్రిమెంట్‌లో ఉంది. కోడ్ దాచే రిపాజిటరీ ఇంకా మా అకౌంట్‌లోనే ఉంది. అలాగే పట్టుకుని కూర్చోవచ్చా?