జన్యు పరీక్షలో అర్థం తేలని మార్పు వస్తే ఏం చేయాలి?

తెనాలి పాఠకురాలు:
మా మేనత్తకు 42వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. మా నాయనమ్మగారు అండాశయ క్యాన్సర్‌తో పోయారు. నాకు 34 ఏళ్లు, ఇంతవరకు ఏ జబ్బూ లేదు. జన్యు పరీక్ష చేయించుకుంటే, పాడైతే ఈ క్యాన్సర్ల ప్రమాదాన్ని పెంచే బీఆర్‌సీఏ2 జన్యువులో ఒక మార్పు ఉందని, అది హానికరమో కాదో ఇప్పుడే తేల్చలేమని నివేదికలో వ్రాశారు. ఒక వైద్యుడు ముందుజాగ్రత్తగా రొమ్ములు తొలగించుకోమన్నారు, మరొకరు ఆ కాగితాన్ని పక్కన పడేయమన్నారు. ఇలాంటి నివేదిక వచ్చినవారు తర్వాత ఏం చేశారు?

జన్యు సలహాదారు:
తేలని మార్పు ఒక్కదాన్నే నమ్ముకొని శస్త్రచికిత్సకు వెళ్లకూడదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒక మార్పు హానికరమా కాదా అన్నది అంతకుముందు పరీక్షించిన వేలమంది వివరాలతో పోల్చి నిర్ణయిస్తారు. ఆ వివరాలలో అధికభాగం ఐరోపా సంతతివారివి కావడంతో, మనవాళ్లలో మామూలుగా ఉండే మార్పు కూడా ల్యాబ్‌కు కొత్తగా కనిపిస్తుంది. అందుకే ఇటువంటి నివేదికలు మనకు ఎక్కువగా వస్తాయి. తర్వాత తేలినవాటిలో చాలావరకు హాని లేనివే. అయినా కాగితాన్ని పక్కన పెట్టినట్లు కుటుంబ చరిత్రను పక్కన పెట్టడానికి వీల్లేదు. మీ మేనత్తగారు అంగీకరిస్తే, ముందుగా పరీక్ష చేయవలసింది జబ్బు వచ్చిన ఆవిడకే. ఆవిడకు స్పష్టంగా హానికరమైన మార్పు ఏదైనా దొరికితే, మీకు అదొక్కటే వెతికితే చాలు, ఖర్చు కూడా తగ్గుతుంది.

డల్లాస్ వాసి:
ఇక్కడి వైద్యులు రొమ్ము క్యాన్సర్ ప్రమాదాన్ని అంచనా వేయడానికి తరచుగా వాడే గెయిల్ లెక్కలో తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్ల క్యాన్సర్లనే అడుగుతారు. మేనత్త, నాయనమ్మ అందులోకి రానే రారు. మీ వంటి కుటుంబానికి ప్రమాదం తక్కువని తేలినా ఆశ్చర్యం లేదు. ఆసియా స్త్రీల కోసం ఆ లెక్కను సవరించినప్పుడు కూడా ఆధారంగా తీసుకున్నది చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ మూలాలున్నవారినే. తండ్రి వైపు బంధువులను కూడా లెక్కించే టైరర్-క్యూజిక్ పద్ధతిని అడగండి. జన్యువులోని మార్పు తండ్రి నుంచి కూడా సగానికి సగం అవకాశంతో వస్తుందన్న సంగతి మన ఇళ్లలో ఎందుకో ఎవరికీ పట్టదు.

హనుమకొండ అధ్యాపకుడు:
అష్కెనాజీ యూదులలో దాదాపు ప్రతి 40 మందిలో ఒకరికి బీఆర్‌సీఏ జన్యువులలోని మూడు ప్రత్యేక మార్పులలో ఒకటి ఉంటుంది. ఆ మూడింటిని గుర్తించాక వారికి పరీక్ష సులువైపోయింది. తరతరాలుగా సొంత కులంలోనే పెళ్లిళ్లు చేసుకుంటున్న మన సమూహాలలోనూ ఇలాంటివి ఉండే అవకాశం ఉంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ పాలుపంచుకొని 2017లో ప్రచురించిన అధ్యయనంలో, దక్షిణాసియాకు చెందిన 263 సమూహాలలో 81 సమూహాలకు, కొద్దిమంది పూర్వీకుల మార్పులే సమూహమంతా వ్యాపించే ఈ ప్రభావం యూదులలో కన్నా ఎక్కువగా కనిపించింది. వైశ్యులలో కొందరికి మత్తుమందు తర్వాత కండరాలు తేరుకోవడానికి చాలాసేపు పట్టడం ఈ కోవకు చెందినదే. క్యాన్సర్ విషయంలోనూ సమూహాలవారీగా వెతకాలని నా అభిప్రాయం. మేనరికం వల్లనే ఈ క్యాన్సర్ వస్తుందనే ప్రచారం మాత్రం సరికాదు, ఎందుకంటే తల్లిదండ్రులలో ఒక్కరి నుంచి వచ్చినా ఈ ప్రమాదం ఉంటుంది.

తెనాలి పాఠకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. మేనత్త రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మా తమ్ముడికి కూడా ఇప్పుడే ఇదే పరీక్ష చేయించమంటారా?

జన్యు సలహాదారు:
ఇప్పుడు అవసరం లేదు. మేనత్తగారిలో హానికరమైన మార్పు బయటపడితే మాత్రం తప్పక చేయించండి. బీఆర్‌సీఏ2లో హానికరమైన మార్పు మగవారిలో ప్రోస్టేట్, రొమ్ము క్యాన్సర్ల ప్రమాదాన్ని పెంచుతుంది. ఈలోగా మీ నివేదికను ఏడాదికో రెండేళ్లకో మళ్లీ పరిశీలించమని ల్యాబ్‌ను వ్రాతపూర్వకంగా కోరండి, మీకు ఎంఆర్ఐ పరీక్షలు అవసరమో కాదో కుటుంబ చరిత్రను బట్టి వైద్యులతో నిర్ణయించుకోండి.