గొర్రెల చెవి ట్యాగులు ఊడిపోతున్నాయి, ఎగుమతికి జీవాలను తీసుకోవట్లేదు. రెండో గుర్తు ఏది పెట్టాలి?

నర్సంపేట వైపు అడవి అంచుల్లో మేసే నెల్లూరు జోడిపి జాతి గొర్రెల మందలు మావి. గల్ఫ్‌కు చిల్డ్ (గడ్డకట్టించకుండా చల్లబరిచిన) మటన్ పంపే కొనుగోలుదారు కొత్త షరతు పెట్టాడు: ప్రతి పొట్టేలుకూ 12 అంకెల ట్యాగు ఉండాలి, ఆ నంబరు మీద పీపీఆర్ (గొర్రెలు, మేకల ప్లేగు), గాలికుంటు టీకాల తేదీలు కనపడాలి. ఇదివరకు మంద మొత్తానికి ఒక్క సర్టిఫికెట్ సరిపోయేది. టీకాలు పడుతూనే ఉన్నాయి, ట్యాగే నిలవట్లేదు.

మూడు నెలల పిల్లలకు వేస్తే, అమ్మే వయసు 9 నెలలు వచ్చేసరికి పదింటిలో రెండు మూడింటికి ట్యాగులు ఉండవు. ఎక్కువ భాగం సర్కారు తుమ్మ కంపలో చిక్కి చెవి చీలి పోతున్నవే. జోడిపి చెవులు పొడుగ్గా వేలాడతాయి కదా. మిగతావాటికి వానల్లో రంధ్రం చీము పట్టి పురుగులు పడుతున్నాయి.

రెండు నరాల మధ్య, చెవి మొదలుకు దగ్గరగా, పిన్నును అయోడిన్‌లో ముంచి, వానలు తగ్గాకే వేసి చూశాం. చీము తగ్గింది, చీలడం తగ్గలేదు. బిగించి వేస్తే చెవి మందమయ్యేకొద్దీ ఒరుసుకుని పుండవుతోంది. వీపు మీద రంగు నంబరు రెండు వానలకే మాయం. మెడకు తాడు కడితే కంపలో ఉరి పడుతుంది, దాని జోలికి పోలేదు.

ఊడినదానికి కొత్త ట్యాగు వేస్తే నంబరు మారుతుంది. పాత నంబరు తెలియకపోతే టీకా రికార్డు దానికి కలపలేం.

ముళ్లకంపల్లో తిరిగే మందల్లో, ట్యాగు పోయినా పాత నంబరు చెప్పేలా ఆరు నెలలు నిలిచిన రెండో గుర్తు మీకు ఏది: చిన్న బటన్ ట్యాగా, చెవి లోపల పచ్చబొట్టా (నల్ల చెవి మీద చదవడానికి వస్తుందా?), ఇంకేదైనానా?