ఉమినెకో: అనిమే చూస్తే సరిపోతుందా, గేమ్ చదవాల్సిందేనా? (హంతకుడి పేరు ఎవరూ రాయకండి)

రాత్రిబండి:
"ఉమినెకో నో నాకు కొరో ని" అనిమే (జపాన్ యానిమేషన్ సీరీస్) 26 ఎపిసోడ్లూ అయిపోయాయి. 1986 అక్టోబరు, రొక్కెంజిమా ద్వీపం, తుఫాను, 18 మంది, ముసలాయన పది టన్నుల బంగారం, ఆస్తి కోసం నలుగురు తోబుట్టువుల కొట్లాట, తర్వాత వరసగా శవాలు. మొదట్లో కదలకుండా చూశా. తర్వాత మంత్రగత్తెలు, మేక తలల బట్లర్లు, ఎరుపు అక్షరాలు. చివరికి ఎవరు చంపారో చెప్పకుండానే ఆపేశారు! రెండో సీజన్ ఎక్కడుంది?

వానచినుకు:
లేదండి. 2009లో స్టూడియో డీన్ తీసింది అసలు గేమ్ (బొమ్మలు, పాటలతో తెర మీద చదివే నవల) ఎనిమిది భాగాల్లో మొదటి నాలుగే, అంటే ప్రశ్నలు వేసే సగం. అప్పటికి మిగతా సగం పూర్తి కానే లేదు. దాని రచయిత ర్యూకిషి07 మొదటి భాగాన్ని 2007 ఆగస్టు కామికెట్ (టోక్యో కామిక్స్ సంత)లో ఇస్తే, ఎనిమిదోది 2010 డిసెంబరులో వచ్చింది. చూసింది మర్చిపోయి గేమ్ మొదటి నుంచి చదవండి. స్టీమ్‌లో (గేమ్‌లు అమ్మే సైట్) రెండు ముక్కలుగా ఉంది, ప్రశ్నల సగం 2016లో, జవాబుల సగం 2017లో పెట్టారు. బొమ్మల్లో చేతులు వంకరగా ఉంటాయి, రచయితే గీసుకున్నాడు, కాసేపటికి అలవాటవుతుంది.

కాకినాడ_బాబాయ్:
"మొదటి నుంచి చదవండి". ఎంత తేలిగ్గా అంటారమ్మా. వంద గంటల ఇంగ్లీషు అది. నేను తెలుగు మీడియం, పైగా షిఫ్ట్ డ్యూటీ, సబ్‌టైటిల్సే పాజ్ చేసి చేసి చదువుకుంటా. ఇంతకుముందు ఒక గ్రూపులో అనిమే గురించి రెండు మాటలు రాస్తే "చదవనివాడికి మాట్లాడే హక్కు లేదు" అని బయటికి తోసేశారు. అనిమే కూడా ఉమినెకోనే. ఇంటర్వెల్‌లో కరెంటు పోతే అప్పటిదాకా చూసింది సినిమా కాకుండా పోతుందా?

పెసరట్టు99:
పాటలు మాత్రం రెండింట్లోనూ కేక

వానచినుకు:
మిమ్మల్ని నేనేమీ తోసెయ్యలేదు. కానీ అది సగం కూడా కాదు అంటున్నా. 26 ఎపిసోడ్లు నాలుగు భాగాలకి పంచితే ఒక్కోదానికి సుమారు రెండున్నర గంటలే వస్తుంది. చదివితే ఒక్కో భాగానికి పది గంటలు దాటుతుంది. ఆ కోతలో ఏం పోయాయి? గదికి తాళం ఎవరు వేశారు, శవాన్ని కళ్లతో ఎవరు చూశారు, ఎవరు చెబితే ఎవరు నమ్మారు, ఇలాంటి చిన్న చిన్న మాటలు. ఈ కథలో ఎరుపు అక్షరాల్లో అన్నది (అది ఎప్పుడూ నిజమే) తప్ప ఏదీ గుడ్డిగా నమ్మకూడదు. కథానాయకుడు బాట్లర్ "నేను చూశాను" అని చెప్పే సీన్ వేరు, అతను లేని చోట జరిగినట్టు రాసిన సీన్ వేరు. చదివేటప్పుడు ఆ తేడా కథనంలోనే దొరుకుతుంది. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే అందరూ "మధ్యలో మ్యాజిక్ ఎందుకు పెట్టారు" అని తిడతారు.

కాకినాడ_బాబాయ్:
26ని నాలుగుతో భాగిస్తే ఆరున్నర. ఆరున్నర ఎపిసోడ్లు ఎలా తీస్తారు? ముందు లెక్క సరిగ్గా చెప్పండి. అదే స్టూడియో, అదే దర్శకురాలు చియాకి కోన్, 2006లో ఇదే రచయిత ముందు కథ హిగురాషీ తీశారు, 2007లో దాని రెండో సీజన్ కాయ్ తీసి జవాబులన్నీ చెప్పారు. అది చూసినవాళ్లని ఎవరూ ఏమీ అనరు.

వానచినుకు:
ఎందుకంటే హిగురాషీలో రచయితే అన్నీ విప్పి చెప్పాడు. ఉమినెకోలో అలా చెప్పడు. ఎనిమిదో భాగం చివర మంత్రమా, ట్రిక్కా అని మనల్నే ఎంచుకోమంటాడు.

రాత్రిబండి:
ఒక్క నిమిషం. వంద గంటలు చదివినా ఎవరు చంపారో చెప్పడా???

తూర్పుగట్టు:
సూటిగా చెప్పడు తమ్ముడూ. పైగా జవాబు అడిగేవాళ్లని అదే ఎనిమిదో భాగంలో మేకల మందలా చూపించాడు. డబ్బిచ్చి కొనుక్కున్నవాడిని మేక అనడమేంటి? హాయిగా మాంగా (జపాన్ కామిక్స్) చదువుకో. నత్సుమి కెయ్ గీసిన ఎనిమిదో భాగంలో ఒప్పుకోలంతా పరిచి పెట్టారు, ఎవరు, ఎందుకు, ఎలా. అసలు ఆ చంపింది

[ఇక్కడి నుంచి మూడు లైన్లు తీసేశాం. శీర్షిక చదివి రాయండి. - మోడరేటర్]

వానచినుకు:
థాంక్స్ మోడరేటర్ గారూ. నేను ఐదో భాగంలో ఉండగా ఒకాయన ఇలాగే పేరు చెప్పేశాడు, ఆ తర్వాత చదవడం శిక్షలా అయిపోయింది. జవాబు జవాబు అని ఎందుకంత యావ? పేరు తెలిస్తే చచ్చినవాళ్లు లేచొస్తారా?

తూర్పుగట్టు:
ఇదిగో, ఈ మాటకే నాకు ఒళ్లు మండేది. బాట్లర్ చెల్లెలు ఏంజ్ ఆరేళ్ల పిల్ల. ఒంట్లో బాగోక ద్వీపానికి వెళ్లలేదు. అమ్మ, నాన్న, అన్న తిరిగి రాలేదు. బతికొచ్చిన ఎవా అత్త పోయేదాకా నోరు విప్పలేదు. 1998లో కూడా ఆ అమ్మాయి అడిగేది ఏం జరిగిందనే కదా? దానికి ఎనిమిదో భాగంలో అన్నయ్య ఒక ఊహాలోకంలో హాలోవీన్ పార్టీ పెట్టి, మన వాళ్లంతా ఎంత మంచివాళ్లో చూడు అంటాడు. మా ఇంట్లో తాతగారి పొలం పంపకాల్లో కొట్టుకున్నారు, ఆ ఏడాదే మా పెద్దబాబాయి పోయాడు. ఎలా పోయాడు అంటే ఈరోజుకీ "బంగారం లాంటి మనిషి, ఇప్పుడవన్నీ ఎందుకు" అంటారు. నాకు నలభై దాటాయి. ఇంకా పిల్లాడికి చెప్పినట్టే చెప్తారు. మీరేమో అదే మాట గొప్ప సాహిత్యం అంటున్నారు.

పెసరట్టు99:
అన్నా...

వానచినుకు:
మీకు చెప్పాల్సిందే, అందులో నాకు వేరే మాట లేదు. కానీ ఏంజ్‌ది కథ. ఎవా డైరీ చదివాక ఆ అమ్మాయి ఏమైందో మీరూ చదివారు కదా.

తూర్పుగట్టు:
చదివా. ఏమైనా కానీ, చదివే హక్కు ఆ అమ్మాయిది. తట్టుకోగలదా లేదా అని తేల్చడానికి అన్నయ్య ఎవరు, రచయిత ఎవరు, మీరెవరు?

వానచినుకు:
మరి రాత్రిబండి గారు తానే వెతుక్కుని చదువుకునే హక్కు? ఇందాక మూడు లైన్లలో అది మీరు లాగేసుకోబోయారు.

కాకినాడ_బాబాయ్:
ఏంజ్ అనిమేలో ఉంది, నాకు గుర్తుంది. అంటే మీరు మాట్లాడే దాంట్లో సగం అనిమేలోనే ఉంది. నేను మొదటి నుంచీ చెప్పేది అదే.

రాత్రిబండి:
సరే సరే. గేమ్ మొదలుపెడుతున్నా, చివర్లో మండితే మాంగాకి వెళ్తా. అనిమే చూశా కాబట్టి మొదటి నాలుగు భాగాలూ వదిలేయొచ్చా?

వానచినుకు:
వద్దు!!

తూర్పుగట్టు:
వద్దు.

కాకినాడ_బాబాయ్:
వదిలెయ్ తమ్ముడూ, నీకెందుకు.