ఉండేలు గురి 20 మీటర్లకు కుదరడం లేదు, ఏం మార్చాలి?

మా మామిడితోటకు కోతులు వస్తే, చెట్టుకు వేలాడదీసిన రేకు డబ్బాను ఉండేలుతో కొట్టి మోగిస్తాను, పారిపోతాయి. వాటికి మాత్రం దెబ్బ తగలకూడదు, అందుకే గురి గురించి ఇంత టెన్షన్. చిన్నప్పుడు పంగను (ఉండేలు Y ఆకారపు కర్రను) నిలువుగా పట్టి, చూపుతోనే కొట్టేవాణ్ణి. ఇప్పుడు పంగను అడ్డంగా తిప్పి, ఉండ పెట్టే తోలును చెంప ఎముక దాకా లాగి, పై కొమ్ము చివర నుంచి చూస్తున్నాను. 10 మీటర్లకు మట్టి ఉండ తగులుతోంది. 20కి వెళ్తే కిందికి జారి, ఎడమకు పోతోంది.

నాది కుడిచేతి వాటం, కానీ వేలు చాపి ఒక్కో కన్ను మూసి చూస్తే ఎడమ కన్నే ముందుంటోంది, అంటే గురి చూడటంలో ఆ కన్నుదే పైచేయి. చేయి మార్చాలా, తోలు లాగే చోటు మార్చాలా? ఉండల బరువు తేడా వల్ల కూడా ఇలా అవుతుందా? అలవాటున్నవాళ్లు దయచేసి చెప్పండి.