‘వెదకంగా నేల’ తర్వాత ఆ రెండక్షరాలేమిటి?

మాదాపూర్ మనిషి: అందరికీ నమస్కారం. పోతన గారి ‘కలఁ డంభోధిఁ గలండు గాలిఁ’ పద్యంలో చివరి పాదం పొద్దున్నుంచీ సతాయిస్తోంది. ‘వెదకంగా నేల’ దగ్గర ఆగి, ‘యెడన్’ దగ్గర తేలుతున్నాను. నడుమ ఉన్నది ‘యీ యా’నా, ‘యే యా’నా? మత్తేభంలో రెండూ ఒదుగుతాయి, యతి కూడా ‘గా’ దగ్గరే అయిపోయింది. కాబట్టి గణాలు లెక్కపెట్టి ఒడ్డెక్కే దారి లేదు. ఆఫీసులో సిడ్నీ వాళ్ల పుణ్యమా అని రగ్బీ లీగ్ పిచ్చి పట్టింది. ‘రోమింగ్ సెంటర్’ మీద మా గ్రూపుకి తెలుగులో ఓ వ్యాసం రాస్తున్నాను. దానికి ఈ పాదం శీర్షికగా పెడదామని ఆశ.

అరసున్న: ‘యీ యా’. ఈ, ఆ. ఇందులో తగవేముంది?

కందప్రియుడు: ఎందుకు లేదండీ! మా నాన్నగారు ‘యే యా యెడన్’ అనే చదివేవారు. దీని తర్వాత వచ్చే కందంలో ‘ఎందెందు వెదకి చూచిన’ అన్నాడుగా. ఇక్కడి వెదకడాన్నే అక్కడ మళ్లీ ఎత్తుకున్నాడు. ఎందెందు అన్నవాడు ఏయే అంటాడు గానీ ఈ, ఆ అంటాడా?

అరసున్న: అదే కందం ఎలా మొదలైందో చూడండి. ‘ఇందుఁ గలఁ డందు లేఁడని’. ఇందు అంటే ఈ చోట, అందు అంటే ఆ చోట. ఇక్కడ ముడివేసిన జంటనే అక్కడ విప్పాడు. మీ సాక్ష్యం నాకే పనికొచ్చింది.

తార్నాక అక్క: మీ ఇద్దరూ కాసేపు ఆగండి. బాబూ, అసలు ఆ సెంటర్ చేసే పనేమిటి? అది తెలియకుండా పద్యం అతుకుతుందో లేదో ఎలా చెప్పను?

మాదాపూర్ మనిషి: చెబుతానక్కా. జట్టుకి 13 మంది. 3, 4 నంబర్లు సెంటర్లవి, ఒకరు కుడి అంచు, ఒకరు ఎడమ అంచు. లోపల సెకండ్ రో ఆటగాడు, బయట వింగ్ ఆటగాడు, మధ్యలో సెంటర్. ఎదుటి డిఫెన్స్ కూడా అదే వరసలో మనిషికి మనిషిని లెక్కేసుకుని నిలబడుతుంది. బంతి పట్టుకున్నవాణ్ణి అవతలి వాళ్లు పట్టి ఆపడమే టాకిల్. బంతి చేతికొచ్చాక ఆరు టాకిళ్లలోపు ఏదో ఒకటి తేల్చాలి. రోమింగ్ సెంటరైతే కుడి అంచు వదిలేసి, ఒకటి రెండు టాకిళ్లు జరిగేలోపు రక్ వెనకగా, అంటే టాకిల్ జరిగి బంతి మళ్లీ ఆటలోకొచ్చే చోటు వెనకగా, నడిచి ఎడమ వైపు చేరతాడు. అక్కడ ముగ్గురికి ముగ్గురు సరిపోయారనుకున్న చోట నాలుగోవాడు తేలతాడు. ఎదుటి సెంటర్ లోపలికి దూకాలా, తన వింగ్ దగ్గరే ఉండాలా అని తేల్చుకునేలోపే బంతి బయటికి వెళ్లిపోతుంది. సిడ్నీ రూస్టర్స్‌లో జోసెఫ్ మను సెంటర్‌గా ఉంటూనే ఇలా బంతి వెంట వచ్చేసేవాడు. 2022లో ఉత్తమ అంతర్జాతీయ ఆటగాడికిచ్చే గోల్డెన్ బూట్ అతనికే ఇచ్చారు.

తార్నాక అక్క: మరి అతను వదిలేసిన కుడి అంచు గతి?

మాదాపూర్ మనిషి: అదే ఇబ్బంది. బంతి చేజారిందంటే అవతలి వాళ్లు నేరుగా అటే కొడతారు. అక్కడ సెకండ్ రో, వింగ్ తప్ప ఎవరూ ఉండరు.

తార్నాక అక్క: అయితే నీ శీర్షిక తిరగబడింది నాయనా. ప్రహ్లాదుడు ‘వెదకడం ఎందుకు తండ్రీ’ అన్నది ఆయన అంతటా ఉన్నాడు కాబట్టి. మీవాడు ఒక్క చోటే ఉంటాడు, అదీ ఉండాల్సిన చోట ఉండడు. వెదకాల్సింది ఇలాంటి వాణ్ణే! నీకు ఎనిమిదో స్కంధం కావాలి. ‘సిరికిం జెప్పఁడు’.

కందప్రియుడు: భేష్ అక్కా! వింగ్‌కి చెప్పడు. ‘పరివారంబునుఁ జీరఁడు’. సెకండ్ రోని పిలవడు.

అరసున్న: పిలవకుండా వెళ్లడం విష్ణువుకి చెల్లింది. ఈయన వివరించినదాన్ని బట్టి చూస్తే, చెప్పకుండా వెళ్లే సెంటర్ జట్టుని ముంచుతాడు. వెళ్లే ముందు సెకండ్ రోకి ఓ సైగైనా చేయాలి కదా, తన జాగాలోకి జరగమని.

మాదాపూర్ మనిషి: చేస్తారండీ. మంచి జట్లలో అది ముందే సాధన చేసిన కదలికే. చూసేవాళ్లకే అతను ఇష్టమొచ్చినట్టు తిరుగుతున్నాడనిపిస్తుంది.

బమ్మెర దారి: ఆలస్యంగా వచ్చాను. ఎవరూ ‘యెడన్’ సంగతి ఎత్తలేదేం? ఎడ అంటే చోటే కాదు, నడిమి సందు కూడా. ‘ఎడముగా నిలబడు’ అంటాం కదా. ఇద్దరు డిఫెండర్ల మధ్య ఎడం! ఈ సందులోనా ఆ సందులోనా అని వెతకనక్కర్లేదు, నాలుగోవాడు వచ్చాడంటే సందు దానంతటదే పుడుతుంది. శీర్షిక మార్చకండి. మా ఓరుగల్లు వైపు వాడు రాసిన పాదం, ఏ ఆటకైనా పనికొస్తుంది.

అరసున్న: ఆ పాదంలో యెడ అంటే చోటే. సందు అన్న అర్థాన్ని మీరు రగ్బీ నుంచి మోసుకొచ్చారు.

కందప్రియుడు: ‘మా వైపు’ అనకండి బాబూ, పోతన మావాడే అనే ఒంటిమిట్ట వాళ్లు చూస్తే ఈ చర్చ ఉగాది దాకా నడుస్తుంది.

బమ్మెర దారి: నడవనివ్వండి. పొలం దున్నుకుంటూ రాసినవాడికి ఎడం అంటే ఏమిటో తెలియదంటారా?

మాదాపూర్ మనిషి: అయ్యా, నాకు సాయంత్రంలోగా ఏదో ఒకటి తేలాలి. ‘యీ యా’ అని రాసేయనా?

కందప్రియుడు: రాసుకోండి, నేను మాత్రం ‘యే యా’ అనే చదువుతాను. శనివారం చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తున్నా. పాత ముద్రణ దొరికితే ఆ పేజీ ఫొటో పెడతాను.

తార్నాక అక్క: పెట్టేటప్పుడు పద్యం మొత్తం వచ్చేలా తీయి నాయనా. రెండో పాదంలో ‘ఖద్యోత’ మీద నాకెప్పటి నుంచో అనుమానం. పక్కన చంద్రుడున్నాడు కాబట్టి అందరూ సూర్యుడనే అంటారు. మిణుగురని ఎందుకు అనుకోకూడదు?

అరసున్న: అక్కా, మిణుగురుకి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడదాం.